ఇంటి ఏసీ సర్వీసింగ్‌కు ఎంతవుతుంది? కర్నూలు మిద్దెలకూ, చలిదేశంలో ఉన్న పిల్లల ఇళ్లకూ తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూల్లో ఏసీ పని చేసేవాళ్లకు ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఫోను కింద పెట్టే తీరిక ఉండదు. ఈమధ్య ఆ ఫోన్లలో కొత్త రకం ప్రశ్నలు కలిశాయి. నంద్యాల చెక్‌పోస్టు దగ్గరో, వెంకటరమణ కాలనీలోనో సర్వీసు చేస్తుంటాం. ఇంటామె వీడియో కాల్‌లో కొడుకును చూపించి "మావాడి ఇంట్లో ఏసీ చూసిపోయినందుకే నూటయాభై డాలర్లు తీసుకున్నారంట, అంతవుతుందా నాయనా?" అని అడుగుతుంది. అటువైపు నుంచి కొడుకు "అన్నా, మా అమ్మావాళ్ల ఏసీకి ప్రతి ఏడాదీ గ్యాస్ వేయాలంటున్నారు, నిజమేనా?" అంటాడు.

ఈ రెండు రకాల ప్రశ్నలకూ ఒకే చోట జవాబులు రాస్తున్నాను. చలిదేశాల సంగతులు మినియాపోలిస్ దగ్గర హీటింగ్, కూలింగ్ పనిలో ఉన్న మా చిన్నాన్న కొడుకును అడిగి సరిచూసుకున్నవి. ధరలన్నీ సుమారు ధరలే. మీ ఊరు, మీ అంతస్తు, మీ ఏసీ మోడల్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. డాలర్లను మాత్రం రూపాయల్లోకి మార్చి పోల్చుకోకండి. దానివల్ల బాధే తప్ప లాభం లేదు.

ఒక స్ప్లిట్ ఏసీకి మామూలు సర్వీసు కర్నూల్లో ఎంతవుతుంది?

జాలీలు (ఫిల్టర్లు) కడిగి, పైపైన దుమ్ము ఊది, నడిపి చూసి పోయే డ్రై సర్వీసుకు 300 నుంచి 500 రూపాయలు. జెట్ పంపుతో ఇండోర్, ఔట్‌డోర్ రెండూ కడిగే వాటర్ సర్వీసుకు 500 నుంచి 900 దాకా. ఔట్‌డోర్ యూనిట్ గోడకు వేలాడుతూ, తాడు కట్టుకుని దిగాల్సిన చోట ఉంటే ఇంకొంచెం అడుగుతారు. అది న్యాయమే, ప్రాణంతో పని.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడే "డ్రైనా, వాటరా? ఔట్‌డోర్ కూడా కలిపేనా?" అని అడగండి. తక్కువ రేటు చెప్పి ఔట్‌డోర్ జోలికి పోకుండా వెళ్లేవాళ్లున్నారు. మన ఎండల్లో అసలు వేడిని బయటికి నెట్టేది ఔట్‌డోరే. అది కడగని సర్వీసు సగం సర్వీసే.

వాటర్ సర్వీసులో ఏమేం చేయాలి? పక్కన నిలబడి ఏం చూసుకోవాలి?

ముందు ఏసీ నడిపించి చూడాలి. వచ్చిన వెంటనే విప్పడం మొదలుపెట్టే మనిషి, అది ముందు ఎలా పనిచేసిందో తర్వాత ఏం చెప్పగలడు? ఆ తర్వాత ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్) దించాలి. ఇండోర్ ముందు మూత, జాలీలు తీసి, కింద ప్లాస్టిక్ కవర్ తొడిగి, దాని మూతి బకెట్లోకి వదలాలి. పీసీబీ (ఏసీని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు) ఉన్న కుడివైపు మూలకు నీళ్లు తగలకుండా పాలిథిన్ చుట్టాలి. ఈ ఒక్క పని మరిచిపోతే 600 రూపాయల సర్వీసు కాస్తా 3,000 రూపాయల రిపేరు అవుతుంది.

కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట) మీద నీళ్లు పైనుంచి కిందికి, ఫిన్స్ వాలు వెంబడి కొట్టాలి. అడ్డంగా కొడితే ఆ సన్నని అల్యూమినియం రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది. కాయిల్ తర్వాత బ్లోయర్. గుండ్రంగా తిరిగే ఆ చక్రం రెక్కల మధ్య పేరుకున్న నల్లటి పొరే, ఏసీ వేయగానే వచ్చే మగ్గిన వాసనకు మూలం. చాలామంది దాన్ని వదిలేస్తారు. బకెట్లో పడే నీళ్లు నలుపు పోయి తేటగా మారేదాకా కడగమని అడగడానికి మొహమాటపడకండి. చివరికి డ్రెయిన్ ట్రేలో జిగురు తీసి, ఒక చెంబు నీళ్లు పోసి, పైపు కొసన సాఫీగా కారుతున్నాయో లేదో చూడాలి. ఇండోర్ నుంచి గోడ మీదికి నీళ్లు కారే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ పైపు పూడుకుపోవడం వల్ల వచ్చేవే.

ఔట్‌డోర్‌లో కాయిల్ కడగడం, ఫ్యాను చూడడం, వైర్ల కొసలు బిగించడం, కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా) ఉబ్బిందేమో చూడడం. అక్కడి బోర్డు మీద బల్లి పడి కాలిపోయిన కేసులు మన ఊర్లో మామూలే. పావురాలు గూడు కట్టకుండా వెనకవైపు జాలీ కట్టించుకోండి.

అంతా అయ్యాక పావుగంట నడిపించి, ఏసీలోకి పోయే గాలికీ బయటికొచ్చే గాలికీ ఎన్ని డిగ్రీల తేడా ఉందో కొలిచి చూపించమనండి. 8 నుంచి 12 డిగ్రీల తేడా వస్తే మంచిదే. క్లాంప్ మీటరు పెట్టి ఎన్ని ఆంపియర్లు తీసుకుంటోందో కూడా చూపించి, ఆ రెండు అంకెలూ బిల్లు మీద రాయించుకోండి. వచ్చే ఏడాది ఎవరొచ్చినా పోల్చి చూసుకోవచ్చు.

ఏడాదికి ఎన్నిసార్లు చేయించాలి?

పడకగదిలో రాత్రిళ్లు మాత్రమే వాడే ఏసీకి ఏడాదికొక వాటర్ సర్వీసు చాలు. పగలూ రాత్రీ నడిచేదానికి రెండు. దుమ్ము ఎక్కడిదన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. బేతంచర్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల పక్క ఇళ్లలో తెల్లటి సున్నపు పొడి తడి కాయిల్ మీద పడి గట్టిపడుతుంది. అది ఉత్త గాలికి ఊడదు. ఆదోనిలో జిన్నింగు మిల్లుల దగ్గర పత్తి నూగు ఔట్‌డోర్ వెనక దుప్పటిలా పరుచుకుంటుంది. అలాంటి చోట మూణ్ణెల్లకొకసారి మెత్తటి బ్రష్షుతో తీసేస్తే చాలు, ప్రతిసారీ సర్వీసు మనిషిని పిలవక్కర్లేదు.

ఏ నెలలో చేయిస్తే ఖర్చు తక్కువ?

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. ఆ లోపే చేయించండి. ఉగాది దాటితే రేటు పెరుగుతుంది, మనిషి దొరకడు, దొరికినా పది ఇళ్ల మధ్య పరుగులో పని చేస్తాడు. ఫిబ్రవరిలో అదే మనిషి నిదానంగా, ఓపికగా చేస్తాడు.

"గ్యాస్ తగ్గింది, వేయాలి" అంటున్నారు. ప్రతి ఏడాదీ గ్యాస్ వేయించాలా?

వేయించాల్సిన పని లేదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే టైముంటే ఇదే చదవండి.

ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. రాగి గొట్టాల్లో మూసి ఉన్న దారిలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. లోపల వేడిని పీల్చుకుని బయట వదిలి మళ్లీ లోపలికొస్తుంది. పదేళ్లయినా తరగదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా గ్యాస్ ఒక్కటే వేయించుకుంటే 2,000 రూపాయలు గాలికి పోయినట్టే. వచ్చే వేసవికి మళ్లీ అదే పాట.

నిజంగా తగ్గిందా అన్నది ముందు తేల్చుకోవాలి. జాలీలు, కాయిల్ మూసుకుపోయినా చల్లదనం తగ్గుతుంది, ఇండోర్ కాయిల్ మీద మంచు కూడా పడుతుంది. అందుకే కడగకముందు గ్యాస్ మాట ఎత్తితే ఒప్పుకోకండి. కడిగి, నడిపి, అప్పుడు గేజు తగిలించి చూడమనండి. ఔట్‌డోర్‌కు ఉన్న స్టిక్కర్ మీద ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. ఆర్-32, ఆర్-410ఏ, ఆర్-290, పాత వాటిలో ఆర్-22. ఒకదానికి బదులు ఇంకొకటి వేయకూడదు.

లీకు ఉందనుకుంటే మొదట చూడాల్సింది ఔట్‌డోర్ దగ్గర గొట్టాలు బిగించే ఇత్తడి నట్లు. సబ్బు నురగ పూస్తే బుడగలొస్తాయి. అక్కడే దొరికితే బిగింపుతోనో, గొట్టం కొస కొత్తగా చేయడంతోనో పోతుంది, పెద్ద ఖర్చు కాదు. కాయిల్‌లోనే సూదిమొన బెజ్జాలు పడితే కథ వేరు. మురుగు కాలవ పక్కన ఔట్‌డోర్ పెట్టిన ఇళ్లలో, ఆ మురుగు ఆవిరికి రాగి నల్లబడి తినేసుకుపోవడం మేం తరచూ చూసేదే. అలాంటి చోట గ్యాస్‌కు డబ్బులు పోసేకంటే ఔట్‌డోర్ మిద్దె మీదికి మార్పించడం మేలు.

లీకు మూశాక వాక్యూమ్ పంపు పెట్టి గొట్టాల్లో గాలి, తేమ లాగేయాలి. తర్వాత త్రాసు మీద సిలిండర్ పెట్టి స్టిక్కర్ మీద ఉన్నన్ని గ్రాములు ఎక్కించాలి. ఇవన్నీ కలిపి పూర్తి గ్యాస్ చార్జింగుకు 2,500 నుంచి 4,000 దాకా అవుతుంది. వాక్యూమ్ పంపూ, త్రాసూ లేకుండా వచ్చిన మనిషితో ఈ పని చేయించకండి.

లీకు పట్టే పనిలో ప్రమాదం ఏమన్నా ఉందా?

ఉంది. గొట్టాల్లో ప్రెషర్ పెట్టి చూడడానికి నైట్రోజన్ మాత్రమే వాడాలి. వెల్డింగు కోసం తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ చేతిలో ఉంది కదా అని దాన్నే తగిలిస్తే, కంప్రెసర్‌లోని ఆయిలు ఆక్సిజన్‌తో కలిసి పేలుతుంది. చూస్తే అక్కడికక్కడే ఆపేయండి. ఆర్-32 కొద్దిగా, ఆర్-290 బాగా మండే స్వభావం ఉన్న గ్యాసులు. లోపల గ్యాస్ ఉండగా గొట్టానికి మంట చూపించకూడదు, దగ్గర బీడీ సిగరెట్టు ఉండకూడదు. పిల్లల్ని పక్క గదిలోకి పంపండి.

సర్వీసు చేయించకుండా నడుపుకుంటే నిజంగా ఎంత నష్టం?

లెక్క వేద్దాం. మూసుకుపోయిన ఫిల్టర్ శుభ్రం చేస్తే ఏసీ తినే కరెంటు 5 నుంచి 15 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. మధ్యలో 10 శాతం అనుకుందాం. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ వేసవి రాత్రుల్లో ఎనిమిది గంటలు నడిస్తే సుమారు 8 యూనిట్లు, నెలకు 240. అందులో పదో వంతు 24 యూనిట్లు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మన ఎస్పీడీసీఎల్ ఇళ్ల టారిఫ్‌లో 225 యూనిట్లు దాటాక యూనిట్ రూ. 8.75, 400 దాటాక రూ. 9.75. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, మోటారు ఎలాగూ నడవాల్సినవే. వృథా అయ్యే యూనిట్లు మాత్రం బిల్లులో పై కొసన, అన్నిటికంటే ఖరీదైన స్లాబులో పడతాయి. ఇంటి మొత్తం వాడకం 400 దాటిందనుకుని 24 యూనిట్లను రూ. 9.75తో హెచ్చిస్తే నెలకు రూ. 234. మార్చి నుంచి జూన్ దాకా నాలుగు నెలలకు 936 రూపాయలు. సర్దుబాటు చార్జీలు దాని పైన. ఒక్క ఏసీకి వాటర్ సర్వీసు ఖర్చు కరెంటు బిల్లులోనే తిరిగొచ్చేసింది. కంప్రెసర్ పడే కష్టం ఇందులో లెక్క కట్టలేదు.

24 డిగ్రీల దగ్గర పెట్టుకోవడం కూడా మెయింటెనెన్సే అంటాను నేను. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెప్పింది. 2020 నుంచి కొత్త ఏసీలు వేయగానే 24 మీదే మొదలయ్యేలా నిబంధన తెచ్చింది కూడా అందుకే. బయట 43 ఉన్నప్పుడు 18 పెడితే గది తొందరగా చల్లబడదు, కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది, అంతే.

ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) తీసుకోవడం లాభమా?

రెండు రకాలున్నాయి. సర్వీసులు మాత్రమే ఇచ్చేదానికి ఏడాదికి 1,500 నుంచి 2,500. విడిభాగాలు, గ్యాస్ కూడా కలిపేదానికి 4,000 పైన. ఏసీ కొత్తది, కంపెనీ వారంటీ నడుస్తోంది అంటే ఏ రకమూ అవసరం లేదు. విడిగా ఏడాదికొకటో రెండో సర్వీసులు చేయించుకోవడమే చవక. వారంటీ అయిపోయి ఐదారేళ్లు దాటిన ఇన్వర్టర్ ఏసీకి మాత్రం పీసీబీ కలిపిన ఏఎంసీ ఆలోచించదగ్గదే. సంతకం చేసేముందు పీసీబీ, గ్యాస్, కాయిల్ మూడూ ఉన్నాయా అని కాగితం మీద చూసుకోండి. నోటిమాట నమ్మకండి.

వారంటీలో ఉన్న ఏసీని బయటివాళ్లతో విప్పించే ముందు వారంటీ కార్డు చదవండి. జాలీలు కడగడం వరకు ఎవరైనా చేయొచ్చు. గ్యాస్ దారి, బోర్డు జోలికి మాత్రం కంపెనీ మనిషే రావాలి.

పాతదానికి ఇంకా పెట్టాలా, కొత్తది కొనాలా?

పదేళ్లు దాటిన ఏసీకి కంప్రెసర్ పోయిందంటే బాగుచేయించవద్దనే చెబుతాను. కాయిల్ లీకులైనా అంతే. కెపాసిటర్, ఫ్యాను మోటారు లాంటివైతే వేయించి ఇంకో రెండు మూడేళ్లు వాడుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి కొనేవాళ్లకు కొంత వెసులుబాటు.

మే నెలలో ఔట్‌డోర్ మీద నీళ్లు చల్లితే, తడి గోనెసంచి కప్పితే మంచిదేనా?

గోనెసంచి వద్దే వద్దు, గాలి దారి మూసేస్తుంది. నీళ్లు చల్లడం ఆ పూటకు హాయిగానే ఉంటుంది. కానీ మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. బిందె అడుగున పట్టే తెల్లటి పెచ్చే కాయిల్ మీదా పడుతుంది, ఇక దాన్ని వదిలించడం కష్టం. సర్వీసుకు కూడా వీలైతే సుంకేసుల నుంచి వచ్చే కుళాయి నీళ్లు రెండు బకెట్లు పట్టి ఉంచండి. నీడ కావాలంటే ఔట్‌డోర్‌కు రెండడుగుల పైన చిన్న రేకు వేయించండి. ముందు, వెనక ఖాళీగా వదలండి.

మనమే ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

వేసవిలో రెండు వారాలకొకసారి జాలీలు తీసి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టడం. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకర పోతుంది. డ్రెయిన్ పైపు కొస బకెట్లోని నీళ్లలో మునగకుండా చూడడం. అంతకుమించి మూతలు విప్పకండి. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో షాక్ మిగిలి ఉంటుంది.

చలికాలం మూణ్ణెల్లు వాడం. దానికేమన్నా ఖర్చు ఉందా?

రూపాయి కూడా లేదు. నవంబర్‌లో ఒక గంట ఫ్యాన్ మోడ్‌లో నడిపి లోపలి తడి ఆరనివ్వండి, రిమోట్ బ్యాటరీలు తీసేయండి, ఎంసీబీ దించండి. అడిగేవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాను: కర్నూలు, కడప, అనంతపురం చలికి వేడిగాలి ఇచ్చే హాట్ అండ్ కోల్డ్ ఏసీ అవసరం లేదు. ఆ అదనపు డబ్బు ఎక్కువ స్టార్లున్న ఏసీకి పెట్టండి.

మా అబ్బాయి చికాగోలో ఉంటాడు. అక్కడ ఏసీ వాడేది మూడు నెలలే. అయినా ప్రతి ఏడాదీ సర్వీసు ఎందుకు?

మంచి ప్రశ్న. అక్కడి ఇల్లు ఎలా ఉంటుందో తెలిస్తే జవాబు అదే వస్తుంది. చలి ప్రాంతాల్లో సొంత ఇళ్లలో గదికొక ఏసీ ఉండదు. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ అని వేడి పుట్టించే పెట్టె ఉంటుంది. దాని పైనే ఏసీ కాయిల్ కూర్చుంటుంది. రెండింటికీ ఫ్యాను ఒకటే, ఫిల్టర్ ఒకటే, ఇల్లంతా తిరిగే గాలి గొట్టాలు అవే. ఏసీ కంప్రెసర్ తొమ్మిది నెలలు నిద్రపోయినా, ఫ్యానూ ఫిల్టరూ చలికాలమంతా వేడిగాలి కోసం పనిచేస్తూనే ఉంటాయి. జూన్‌లో ఏసీ వేసేనాటికి ఫిల్టర్ అప్పటికే నిండిపోయి ఉంటుంది. బయట పెట్టె ఆర్నెల్లు మంచులో, ఆకుల్లో ఉంది. దాంట్లో ఎలుకలు గూడు పెట్టుకుని వైర్లు కొరికి ఉండొచ్చు.

అక్కడ అరుగుదల కంటే, మూసినప్పుడు సరిగ్గా మూశారా, తెరిచినప్పుడు సరిగ్గా తెరిచారా అన్నదే ముఖ్యం. అందుకే వసంతంలో ఏసీకి ఒకసారి, చలి మొదలవకముందు ఫర్నేస్‌కు ఒకసారి చూపించుకుంటారు. మరీ పొదుపు చేయాలంటే, కొత్త ఏసీకి రెండేళ్లకొకసారి చూపించి మధ్యలో సొంతంగా చూసుకోవచ్చు. ఫర్నేస్‌ను మాత్రం ఏటా చూపించడం మానకూడదు. ఇంధన గ్యాస్ మండే పెట్టెలో పగులు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది, అది ప్రాణాంతకం.

అక్కడ ఎంతవుతుంది? అంత ఎందుకు?

ఏసీ ఒక్కదానికి మామూలు ట్యూనప్ 100 నుంచి 200 డాలర్ల మధ్య. ఏసీ, ఫర్నేస్ రెండు విజిట్లూ కలిపిన ఏడాది ప్లాన్లు 150 నుంచి 300 దాకా. మనదగ్గరి సర్వీసులా గంటసేపు నీళ్లు కొట్టి కడగడం అందులో ఉండదు. ప్రెషర్లు, కెపాసిటర్, కరెంటు, డ్రెయిన్ చూసి, బయటి కాయిల్ మీద నీళ్లు పోసి, కాగితం రాసి ఇస్తారు. కాయిల్ విప్పి లోతుగా కడగాలంటే విడిగా బిల్లు.

ఖర్చంతా మనిషిది. అమెరికాలో శీతలీకరణ గ్యాస్ ముట్టుకోవాలంటే పర్యావరణ సంస్థ ఈపీఏ సర్టిఫికెట్ ఉండి తీరాలి, సెక్షన్ 608 అంటారు. గ్యాస్‌ను గాలిలోకి వదలడం నేరం. ఆ పైన వ్యాను, ఇన్సూరెన్సు, రానూపోనూ టైము. అందుకే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: మనిషితో పని లేని పనులు మీరే చేసుకోండి, మనిషి వచ్చే రోజు అన్నీ ఒకేసారి చూపించుకోండి. విడివిడిగా రెండుసార్లు పిలిస్తే వచ్చినందుకే రెండుసార్లు కట్టాలి.

అక్కడి ఫిల్టర్ ఎన్నాళ్లకు మార్చాలి?

సన్నని అట్ట ఫిల్టర్ ఒకటి నుంచి మూడు నెలలకు. నాలుగైదు అంగుళాల మందం ఉన్నదైతే ఆర్నెల్ల నుంచి ఏడాది. ఒక్కోటి 5 నుంచి 20 డాలర్లు. కొలత చట్రం మీదే అచ్చేసి ఉంటుంది, పాతదాన్ని ఫోటో తీసుకుని షాపుకు పోతే సరి. గాలి ఎటు పోవాలో బాణం గుర్తు ఉంటుంది, అది ఫర్నేస్ వైపు చూడాలి. మన జాలీలా కడిగి మళ్లీ పెట్టేది కాదు. ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే, పోపులూ వేపుళ్లూ ఎక్కువైతే నెలకొకసారి తీసి చూడాలి. ఎక్కువ మెర్వ్ నంబరు (ఎంత సన్నని దుమ్మును పడుతుందో చెప్పే అంకె) ఉన్నది కొంటే మంచిదని అనుకుంటారు గానీ, మరీ దట్టమైన ఫిల్టర్ గాలిని ఆపేసి కాయిల్‌ను గడ్డకట్టిస్తుంది. మామూలు ఇంటికి మెర్వ్ 8 సరిపోతుంది.

అక్కడ ఏప్రిల్‌లో ఒకరోజు ఎండ కాసింది, ఏసీ వేసి చూడొచ్చా?

బయట 60 ఫారన్‌హీట్, అంటే సుమారు 16 డిగ్రీలకు తక్కువ ఉన్నప్పుడు వేయకూడదు. ఆ చలికి కంప్రెసర్‌లో ఆయిలు చిక్కబడుతుంది, గ్యాస్ ఆవిరి కాకుండా ద్రవంగానే కంప్రెసర్‌లోకి పోతుంది. ద్రవాన్ని అది నొక్కలేదు, దెబ్బతింటుంది. చలికాలమంతా బయటి స్విచ్ ఆపి ఉంచితే, ఏసీ వేయడానికి ఒక రోజు ముందే స్విచ్ వేసి వదిలేయాలి. కంప్రెసర్ అడుగున చిన్న హీటర్ ఉన్న మోడళ్లలో అది ఆయిల్ని వెచ్చబరుస్తుంది. ఖర్చులేని జాగ్రత్త ఇది. మరిచిపోతే కంప్రెసర్‌కే వేల డాలర్లు.

చలికాలంలో బయటి పెట్టెకు పూర్తిగా కవర్ తొడగాలా?

అక్కర్లేదు. చుట్టూ బిగించి కడితే లోపల తేమ నిలిచి తుప్పు పడుతుంది, ఎలుకలకు వెచ్చటి ఇల్లు దొరుకుతుంది. పైనుంచి మంచుగడ్డలు పడకుండా ఒక ప్లైవుడ్ చెక్క పెట్టి, ఎగిరిపోకుండా బరువు పెడితే చాలు. పేరుకున్న మంచును పలుగుతోనో కత్తితోనో కొట్టకండి. ఏసీ వేసే ముందు ఆ చెక్క తీయడం మరవకండి.

జూన్‌లో తెల్లటి దూది లాంటిదేదో పెట్టె చుట్టూ పట్టుకుందంటున్నాడు మా అబ్బాయి?

అది కాటన్‌వుడ్ చెట్ల నూగు. అమెరికా మధ్య రాష్ట్రాల్లో, కెనడాలో ఆ రోజుల్లో గాలినిండా అదే. ఆదోని మిల్లుల దగ్గర మనం పడే అవస్థే. కరెంటు స్విచ్ ఆపి, తోట పైపుతో మెల్లగా నీళ్లు పోస్తే రాలిపోతుంది. కారు కడిగే ప్రెషర్ వాషర్ వాడితే ఫిన్స్ పడుకుంటాయి. పైసా ఖర్చు లేని పని, పది నిమిషాలు. చుట్టూ రెండడుగుల దాకా పొదలు, గడ్డి లేకుండా చూసుకోమనండి.

మావాళ్లింట్లో హీట్ పంపు ఉందట. దానికీ ఇవే లెక్కలా?

తేడా ఉంది. హీట్ పంపు వేసవిలో చల్లగాలి, చలికాలంలో వేడిగాలి ఇస్తుంది. అంటే ఏడాదంతా పనిచేస్తుంది, కాబట్టి ఏడాదికి రెండుసార్లు చూపించాలి. చలికాలంలో దానిపై ఏ కవరూ కప్పకూడదు. చుట్టూ మంచు పేరుకోకుండా ఎత్తు స్టాండ్ మీద పెడతారు, పడిన మంచును తీసేస్తూ ఉండాలి. అప్పుడప్పుడూ పొగలాగా ఆవిరి లేస్తే కంగారు పడకండి, తన మీద పడ్డ మంచును తానే కరిగించుకుంటోంది.

మా పిల్లలు అక్కడ పాత ఇల్లు కొన్నారు, ఏసీలో ఆర్-22 ఉందంటున్నారు.

అమెరికాలో ఆర్-22 తయారీ, దిగుమతి 2020 జనవరి 1 నుంచి నిలిచిపోయాయి. పాత నిల్వల నుంచి తీసినదే దొరుకుతుంది, ధర చాలా ఎక్కువ. లీకు లేకుండా నడిచినన్నాళ్లు నడుపుకోవచ్చు. లీకైతే గ్యాస్ కొని నింపకండి, కొత్త యూనిట్‌కు డబ్బు కూడబెట్టుకోండి.

అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఈ ఖర్చులు ఎవరివి?

ఏసీ ఇంటితో వచ్చినదైతే సాధారణంగా ఓనరే చూసుకోవాలి. ఫిల్టర్ మార్చడం ఎవరి పనో లీజు కాగితంలో చూసుకోండి. సొంతంగా కొని కిటికీలో పెట్టుకున్న ఏసీని చలికాలం రాకముందే తీసి, ఆరబెట్టి, నిలువుగానే లోపల దాచుకోవాలి.

మేం ఆర్నెల్లు పిల్లల దగ్గరికి వెళ్తున్నాం. కర్నూల్లో ఇంటికి తాళం. ఏసీల సంగతి?

వెళ్లే వారం ముందు వాటర్ సర్వీసు చేయించండి. తడితో, దుమ్ముతో మూసిన కాయిల్ ఆర్నెల్లు అలాగే ఉంటే బూజు పడుతుంది. సర్వీసయ్యాక గంటసేపు ఫ్యాన్ మోడ్‌లో నడిపి, ఎంసీబీ, స్టెబిలైజర్ రెండూ ఆపేయండి. రిమోట్ బ్యాటరీలు తీయండి. గోడలో గొట్టాలు దూరే బెజ్జం చుట్టూ సందు ఉంటే పుట్టీతో మూయించండి, ఎలుకలూ చీమలూ అక్కడినుంచే వస్తాయి. "నెలనెలా వచ్చి ఏసీ నడిపి పోతాం, ఇంత ఇవ్వండి" అని ఎవరన్నా అంటే ఆ డబ్బు ఇవ్వక్కర్లేదు. ఊరికే ఉన్నంతమాత్రాన ఏసీ చెడిపోదు.

తిరిగొచ్చాక వెంటనే ఏసీ వేయకండి. ఔట్‌డోర్‌లో పావురం గూడు ఉందేమో చూడండి, జాలీలు కడగండి, కిటికీలు తెరిచి పావుగంట ఫ్యాన్ మోడ్‌లో నడిపి, అప్పుడు 24 మీద కూలింగ్ పెట్టుకోండి.